తుడిచిన తలుపులు

రత్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు మీద ఎవరో లెక్క చేసిపెట్టి పోయారు.

పైన నాలుగు అంకె, దాని కింద అడ్డగీత, గీత కింద సున్నా, పక్కన జానెడు పొడుగున గుణకారం గుర్తు. అంతా తెల్ల సుద్దతో. రత్నానికి భిన్నాలంటే పడదు. ఆరో తరగతిలో భిన్నాలు మొదలుపెట్టిన నెలలోనే వాళ్ళమ్మకు అయిదో కాన్పు అయింది. పసివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని రత్నాన్ని బడి మాన్పించారు. అందుచేత ఆమెకు భిన్నాలు సగంలోనే ఆగిపోయాయి.

ఇప్పుడు ఆమె భుజం మీద ఎనిమిది నెలల చంద్రావతి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు గొట్టం పెట్టి చూసి, జలుబు ఛాతీలోకి దిగింది, భయం లేదు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది అన్నాడు. రత్నం అసలు వెళ్ళింది అందుకు కాదు, పిల్లకు టీకా వేయించడానికి. ఖరిదా బజారు వెనక సందులో ఒకాయనకు అమ్మవారు పోసిందని రెండు రోజులుగా ఈ బెంగాలు రైల్వే ఊరంతా చెప్పుకుంటోంది. యుద్ధం అయిపోయి, బంగ్లాదేశ్ వచ్చి, అమ్మయ్య అని జనం ఊపిరి పీల్చుకుని మూడు నెలలైనా కాలేదు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఇంత జ్వరంలో పసిపిల్లకు టీకా వద్దు, జ్వరం తగ్గాక రెండు వారాలు ఆగి తీసుకురా అన్నాడు. "అంతదాకా?" అని రత్నం అడిగింది. అంతదాకా ఇంట్లో మిగతా అందరూ వేయించుకోండి, మీ ముగ్గురికీ రాకపోతే పిల్ల దాకా ఎలా వస్తుంది, మీరే గోడ అన్నాడు.

ఆ మాట రత్నానికి నచ్చింది. దారి పొడుగునా గోడ కట్టుకుంటూనే వచ్చింది. ఒక పక్క తను, ఒక పక్క మొగుడు దేముడు, ఒక పక్క అత్త దాలమ్మ. మధ్యలో పిల్ల.

లోపలికి వెళ్ళి చూస్తే గోడలో ఒక పక్క మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అత్తా, ఎవులొచ్చినారు?"

"ఎవులూ రానేదు."

"మరి తలుపు మీద ఆ రాతేటి?"

"టీకాలోళ్ళు. ఇంట్లో ఎవులూ నేరని సెప్తే ఎల్లిపోనారు."

"ఎవులు సెప్పినారు?"

"నానే సెప్పినాను, లోపల్నుంచి. బాడీతే కేవూ నేయ్ అని బంగ్లాలో సెప్పినాను. ఆళ్ళకి సరిగా ఇనపడాల గదా, గట్టిగా అరిసి మరీ సెప్పినాను."

రత్నం నెత్తి కొట్టుకుందామంటే చేతిలో పిల్ల ఉంది.

దాలమ్మకు అమ్మతల్లి మీద కోపం లేదు, టీకాల మీదా లేదు. ఏటా మాతాపూజకు ఘటం వెనక నడిచే మనిషి. ఆమె గొడవంతా పంచదారతో. నాలుగేళ్ళ కిందట ఒంట్లో పంచదార ఉందని బయటపడింది. పోయినేడు వానాకాలంలో బొటనవేలికి రాయి తగిలి గోరంత దెబ్బయింది. ఆ గోరంత దెబ్బ ఆరు నెలలు మానలేదు. ఆ వేలు గురించి ఆమె చెప్పని ఇల్లు న్యూ సెటిల్‌మెంటు క్వార్టర్లలో లేదు.

"రాయి తగిల్తేనే ఆరు నెల్లే! ఆళ్ళొచ్చి కావాలని పొడిత్తే ఇంకెన్నాళ్ళే? నా సెయ్యి కుళ్ళిపోతాది. సెయ్యి నేకుండా నీ పిల్లని నానెలగ ఎత్తుకుంటాను?"

"అమ్మవారు పోస్తే ఒళ్ళంతా పుండే గదత్తా. అదెలగ మానుతాది?"

"పొయ్యనీ, అప్పుడు సూద్దాం," అని దాలమ్మ వెల్లుల్లి రేకల వైపు తిరిగిపోయింది.

సాయంత్రం వర్క్‌షాపు సైరను కూసింది. కాసేపటికి క్వార్టర్ల లైనులో సైకిళ్ళ గంటలు మోగాయి. దేముడు మాత్రం అందరితో కలిసి రాడు. వారానికి రెండు రోజులు ఖరిదా మీదుగా చుట్టు తిరిగి వస్తాడు. అక్కడ ఒక మందుల కొట్లో ఆయాసం మాత్రలు కొనుక్కుని, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వస్తాడు. రైల్వే ఆసుపత్రిలో ఆ మాత్రలే ఊరికే ఇస్తారు. కాని అక్కడికి వెళితే కాగితం మీద రాస్తారు. కాగితం మీద రాస్తే పై డాక్టరు చూస్తాడు. చూస్తే అన్‌ఫిట్ అంటాడు. అన్‌ఫిట్ అంటే ఫిట్టరు పని తీసేసి ఏ ఆఫీసు గుమ్మం దగ్గరో స్టూలు వేసి కూర్చోబెడతారు. దేముడి ఆయాసం అతని పెళ్ళికంటే పాతది. దాన్ని పెళ్ళాం ముందు కూడా దగ్గు అనే అంటాడు.

సైకిలు గోడకు ఆనించి తలుపు చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

దేముడు వేగన్ షాపులో పని చేస్తాడు. పాడైన వేగను యార్డులోకి వస్తే చూసేవాళ్ళు దాని ఒంటి మీద సుద్దతో గీస్తారు. ఒక రకం గీత అయితే సిక్, రిపేరుకి. అడ్డంగా పెద్ద క్రాసు కొడితే కండెం, ఇక తుక్కుకే. పదకొండేళ్ళుగా అతను పొద్దున్న లేచి సాయంత్రం దాకా చదివేది ఆ గీతలే. పేపరు చదవడానికి తడుముకుంటాడుగాని సుద్దగీతను పదిగజాల నుంచి చదువుతాడు.

"ఎవుడు రాసినాడిది?" అని లోపలికి కేకేశాడు.

"టీకాలోళ్ళు మావా," అంది రత్నం.

"నలుగురున్నారని ఆళ్ళకెవుడు సెప్పినాడు?"

"పక్కింట్లో అడిగుంటారు."

"అయితే ఇంకేటేటి అడిగినారో!" దేముడు క్రాసు మీద వేలు పెట్టాడు. "ఇది సూసినావా? క్రాసు. కండెం. నా దగ్గు సంగతి ఎవుడో ఊదేసినాడు రత్తం. ఇంటికొచ్చి మార్కేసి పోనారు."

"మనుసులకి కండెమేటి మావా!"

"రైల్వేలో అన్నిటికీ ఉంటాది," అన్నాడు దేముడు. బొక్కెన దగ్గరికెళ్ళి గుడ్డ తడుపుకొచ్చి తలుపును పైనుంచి కింద దాకా తుడిచేశాడు. ఆ హడావుడికి ఆయాసం వచ్చింది. గుమ్మంలో కూలబడి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని పిల్లి కూసినట్టు ఊపిరి తీశాడు.

చంద్రావతి తండ్రిని చూసి కేరుమని చేతులు చాపింది. దేముడు పిల్లను అందుకున్నాడు. అప్పుడు తట్టింది రత్నానికి. ఈ మనిషి ఇప్పుడే ఖరిదా నుంచి వచ్చాడు. రోగం ఉన్నది ఖరిదాలో. మాత్రల కోసం ఎల్లుండి మళ్ళీ వెళతాడు. ఆ చేతులే పిల్లను ఎత్తుకుంటాయి.

గబుక్కున పిల్లను లాక్కుంది. "సేతులు కడుక్కో మావా," అని మాత్రం అనగలిగింది.

మర్నాడు టీకాలావిడ మళ్ళీ వచ్చింది. రావాల్సిందే మరి. తలుపు మీద గీత లేదంటే ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదని లెక్క. ఈసారి తలుపు రత్నమే తీసింది. వచ్చినావిడ పేరు ఆలిస్. మన తెలుగు మనిషే, ఈ ఊళ్ళోనే పుట్టింది. నలభై ఏళ్ళుంటాయి, మోచేతికి గొడుగు, భుజానికి సంచి. దాలమ్మ అప్పటికే పెరటి తలుపు గుండా పక్కింటి ఎర్రయ్య ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"నిన్న ఈ తలుపు మీద రాసినట్టు గుర్తే," అంది ఆలిస్.

"మా ఇంట్లో శుభ్రం ఎక్కువక్కా," అంది రత్నం.

ఆలిస్ నవ్వి రత్నం చేతి మీద సూది పెట్టింది. రత్నం చిన్నప్పుడు వేసింది గింగిరాలు తిప్పే సూది, ఆ మచ్చలు నయాపైసా బిళ్ళలంత ఉన్నాయి. ఈ సూది చివర రెండు చిన్న ముళ్ళున్నాయి, అంతే. టకటకా పదిహేను పోట్లు. అయిపోయింది. ఆలిస్ గుమ్మంలో కూర్చుని పుస్తకం తీసి రాయసాగింది. రత్నం మెడ చాచి చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు వచ్చు, కూడుకోవడానికే కాస్త సేపు పడుతుంది.

"నే...ము. ఏ...జి. పేరూ, వయసూ. ఇదేటక్కా?"

"ఇంటి నంబరు. ఇది తారీకు. ఇది టీకా పొంగిందా లేదా అని వారం తరవాత చూసి రాసేది."

"రోగం రాసే గడి ఏది?"

"ఏ రోగం?"

"ఏదైనా. ఒకడికి... ఒకరికి ఆయాసం ఉందనుకో. ఒకరికి పంచదార ఉందనుకో. అది ఎక్కడ రాస్తావు?"

ఆలిస్ పుస్తకం మూసి ఆమె వంక చూసింది. "ఎక్కడా రాయను. జ్వరం ఉందా, ఒంటి మీద తామరలాంటిది ఉందా అని నోటితో అడుగుతాను, ఉంటే ఆగమంటాను. ఆయాసం ఉన్నోళ్ళనీ సుగర్ ఉన్నోళ్ళనీ ఆపమని మాకెవరూ చెప్పలేదు రత్నమ్మా. వాళ్ళకే ముందు వేయాలి. వాళ్ళకి అమ్మవారు పోస్తే తట్టుకునే ఓపిక ఉండదు గదా."

"ఈ పుస్తకం వర్క్‌షాపుకి ఎల్తాదా?"

"నా పుస్తకం వర్క్‌షాపుకెందుకు? వేగన్లకి నేను సూదులేస్తానా?"

పోతూ పోతూ ఆలిస్ తలుపు మీద రాసింది. నాలుగు, అడ్డగీత, కింద ఒకటి, క్రాసు. "నలుగురిలో ఒకరికి, అంటే నాలుగో వంతు అయింది," అంది. క్రాసు ఎందుకని రత్నం అడిగితే, ఇంకా మళ్ళీ రావాలి అనడానికి గుర్తు అని చెప్పింది.

సాయంత్రానికి ఆ నాలుగో వంతు కూడా లేదు. దేముడు తుడిచేశాడు. రత్నం పుస్తకం సంగతి ఎంత చెప్పినా, "అది నీకు సూపించిన పుస్తకం. ఇంకోటి ఉంటాది," అన్నాడు. రైల్వేలో ప్రతిదానికీ మూడు కాపీలుంటాయని అతని నమ్మకం.

దాంతో రత్నానికి ఎన్నడూ లేని తెగువ వచ్చింది. అత్తకు ఎదురు తిరిగి నోరెత్తని మనిషి. పిల్ల తుమ్మితే తనకు జ్వరం తెచ్చుకునే మనిషి. వంటింటి గుమ్మంలో నిలబడి, ఇద్దరి ముఖాలూ చూడకుండా నేల చూస్తూ చెప్పింది.

"టీకా ఏయించుకున్నోళ్ళే నా పిల్లని ఎత్తుకోవాల. ఏయించుకోనోళ్ళు ముట్టుకోకూడదు."

దాలమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లైనంతా వినపడేలా అంది. "ఓలమ్మో! నా మనవరాల్ని నాను ముట్టుకోకూడదంట! ఇన్నావురా దేముడూ, నీ పెళ్ళాం మనల్ని మైల సేసేసినాది!"

"మైల కాదత్తా. గోడ," అంది రత్నం. అంటూనే ఏడుపొచ్చింది. అయినా పిల్లను ఇవ్వలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. రత్నం పిల్లను చంకనేసుకునే బియ్యం ఏరింది, చంకనేసుకునే పొయ్యి ఊదింది, చంకనేసుకునే కుళాయి దగ్గర బొక్కెన నింపింది. చంద్రావతి జ్వరం దిగింది. దిగగానే అల్లరి పట్టుకుంది. నాయనమ్మ మంచం వైపు ఒళ్ళంతా వంచి, "బా, బా" అని చేతులూపేది. దాలమ్మ మంచం మీద కూర్చుని చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "నానేటి సెయ్యనే తల్లీ, మీ యమ్మ గేటేసినాది. లైన్ క్లియరు నేదు," అనేది. మనవరాలు నవ్వేది. దాలమ్మ నవ్వేది కాదు.

ఈ రెండు రోజులూ పిల్లను ఎత్తుకుని లైను ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ రత్నం ఒక సంగతి కనిపెట్టింది. వాళ్ళ లైనులో పన్నెండు తలుపులు. ఆలిస్ అన్నింటి మీదా రాసింది. ఎనిమిది తలుపుల మీద రాత అలాగే ఉంది. నాలుగు తలుపులు మాత్రం తళతళలాడుతున్నాయి. తమది ఒకటి. పక్కన ఎర్రయ్యది ఒకటి. ఎర్రయ్య వేగన్ షాపులోనే పెద్ద ఫిట్టరు, రిటైరు కావడానికి ఏడాది ఉంది. నెత్తురుపోటుకని ఆయన ఇంట్లో ఉప్పు లేని కూర వేరే వండుతారని గోడ ఇవతల ఉన్న రత్నానికి వాసనతోనే తెలుసు. మూడో తలుపు రాత్రుళ్ళు దగ్గే ఆయనది. నాలుగోది కూతురికి మూర్ఛ వస్తుందని ఎవరికీ చెప్పని వాళ్ళది.

రత్నం లైను మధ్యలో ఆగిపోయి నవ్వేసింది. పిల్ల కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

శనివారం సాయంత్రం దేముడు వచ్చి సైకిలు దిగుతూనే అలవాటుగా తలుపు చూశాడు. మళ్ళీ రాత ఉంది. మళ్ళీ గుడ్డ తడపడానికి వెళ్ళాడు. గుడ్డ రత్నం చేతిలో ఉంది.

"ఇలగియ్యి."

"ఇస్తాను మావా. ముందొక మాటు లైను కేసి సూడు. ఎనిమిది తలుపులకి సుద్ద ఉంది. మూడు తలుపులు అద్దాల్లాగ మెరుస్తన్నాయి. మనది తుడిసేస్తే నాలుగు. ఆ నాలుగూ ఎవులెవులివో సూసినావా?"

దేముడు చూశాడు. ఎర్రయ్య తలుపు. దగ్గాయన తలుపు. ఇంకొకటి. చూస్తూ చూస్తూ ఉండగా అతని మొహంలో రంగు మారింది.

"రోగం దాసుకున్న ఇళ్ళన్నీ కడిగి ముగ్గెట్టినట్టున్నాయి," అంది రత్నం. "నాను ఆరో క్లాసు సదూకున్న దాన్ని. పిల్లనెత్తుకుని తిరుగుతా నానే కనిపెట్టినాను. మీ పెద్ద డాక్టరుకి కనిపెట్టడానికి ఎంతసేపు?"

పక్క గుమ్మంలో బీడీ కాలుస్తున్న ఎర్రయ్య అది విని బీడీ నోట్లోంచి తీశాడు. తన తలుపు వంక చూసుకున్నాడు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

"నువ్వు లోపలికి పద," అన్నాడు దేముడు మెల్లిగా.

లోపలికి వచ్చాక రత్నం వదల్లేదు. "మావా, ఒకటడుగుతాను, సెప్పు. మీ షాపులో సుద్ద గీసిన వేగన్ని ఎవుడైనా తడిగుడ్డతో తుడిసేసి, రిపేరు సెయ్యకుండా లైన్లోకి తోసేస్తే ఏటవుతాది?"

"నోరు ముయ్యే!" దేముడు నిజంగానే అదిరిపడ్డాడు. "అలగెవుడు సేస్తాడు? దొంగతనం సేసినోడినైనా ఒగ్గేస్తారుగాని సుద్ద తుడిసినోడిని ఒగ్గరు. ఆ వేగను దారిలో ఇరిగితే ఎనకున్న బళ్ళన్నీ పోతాయి. గార్డు పోతాడు..."

"మరి నువ్వు సేత్తన్నదేటి?"

"నానేటి వేగన్నా?" అన్నాడు దేముడు.

"కాదు. వేగను తన సుద్ద తను తుడుసుకోదు," అంది రత్నం. చంకలో ఉన్న పిల్లను చూపించింది. "నీ ఎనక కట్టిన బండి ఇది. వారానికి రెండు మాట్లు ఖరిదా ఎల్లొస్తన్నావు. రోగం అక్కడే ఉన్నాది. నీకేటైనా అయితే నాను తట్టుకుంటానేమో గాని దీనికైతే..." చంద్రావతి తండ్రిని చూసి ఒక్కసారి ఎగిరి చేతులు చాపింది. దేముడు చేతులు చాపబోయి, రూలు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఆ వెనక్కి తీసుకోవడం రత్నం చూడలేక మొహం తిప్పుకుంది.

మంచం మీంచి దాలమ్మ అంది. "ఒరే, ఆ గుడ్డ ఒగ్గీరా. నీ తలుపు తుడుపుతో నాకు ఇల్లంతా బురద."

ఆదివారం పొద్దున్నే ఆలిస్ చర్చికి వెళుతూ దారిలో కనపడితే రత్నం పరుగెత్తి చెప్పింది. ఆలిస్ చర్చి అయ్యాక సంచి తెచ్చుకుని వచ్చింది. దేముడు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాడు. పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా ఊపిరి బిగపట్టాడు. ఆయాసం ఉన్నవాడు ఊపిరి ఎంతసేపు బిగపడతాడు? సూది తగిలేసరికి వదిలాడు. ఛాతీలోంచి పిల్లి కూత లైను చివరి దాకా వినిపించింది.

ఆలిస్ పోట్లు ఆపలేదు. పదిహేనూ అయ్యాక సూది పక్కన పెట్టి, "ఎన్నాళ్ళుగా?" అంది.

"ఏటి?"

"కూత."

దేముడు రత్నం వంక చూశాడు. రత్నం పిల్ల వంక చూసింది.

"...పద్నాలుగేళ్ళు."

"దీనికీ సూదికీ ఏం సంబంధం లేదు. రాయడానికి నా దగ్గర గడి కూడా లేదు," అంది ఆలిస్. పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది. దేముడు పేజీ అటూ ఇటూ తిప్పి, అట్ట కింద కార్బను పేపరుందేమోనని కూడా చూశాడు. లేదు. "కాని తమ్ముడూ, చాటుగా మాత్రలు ఎన్నాళ్ళు మింగుతావు? నిన్ను ఫిట్టో అన్‌ఫిట్టో నేను చెప్పలేను. ఒకటే చెప్తాను, కూత మాత్రం దాగదు."

అప్పటికి పక్క గుమ్మంలో ఎర్రయ్య చొక్కా చేయి పైకి మడుచుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. "దీదీ, ఇటేపు కూడా ఒకసారొచ్చి పో. నాకేటీ రోగం నేదుగాని, ఊరికే," అన్నాడు.

"నీకేటీ నేదు బావగారూ, ఉప్పు తప్ప," అంది దాలమ్మ లోపల్నుంచి. లైనంతా నవ్వింది.

ఆ నవ్వులోనే దాలమ్మ బయటికొచ్చింది. స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నాక కాలు ముందుకు చాపి బొటనవేలు చూపించింది. "ముందిది సూడు తల్లీ. ఆరు నెల్లు. తరవాత నీ ఇష్టం."

ఆలిస్ ఒంగి ఆ వేలును శ్రద్ధగా చూసింది. న్యూ సెటిల్‌మెంటులో ఆ వేలును అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. "ఇది ఎందుకు మానలేదో చెప్పనా మామ్మా? రోజూ తడిలో నడిచావు, చెప్పులో నలిపావు, జిలేబీ తిన్నావు."

"జిలేబీ సంగతి నీకెవులు సెప్పినారు?"

"ఇప్పుడు నువ్వే. చేతిని ఎవరూ తొక్కరు గదా. తడపకు, గోకకు, మూడు వారాలు తీపి ముట్టకు, మాత్రలు మానకు. నేను రోజూ ఈ దారినే పోతాను, రోజూ ఆగి చూసి పోతాను."

"రోజూనా?" దాలమ్మ కళ్ళు మెరిశాయి. రోజూ ఒకరొచ్చి తన పుండు చూసి, అడిగి, చెప్పింది విని పోతారంటే ఆమెకు అంతకంటే ఏం కావాలి? మనవరాలి వంక చూసి రవిక చెయ్యి పైకి లాక్కుంది. "నా పంచదార నా ఇష్టం గాని, గుంట నా గుంట. కానీ మరి."

గట్టిగా లెక్కపెట్టడం మొదలెట్టింది. తొమ్మిది దగ్గర లెక్క తప్పి మళ్ళీ ఆరు నుంచి మొదలెట్టింది. పదిహేనో పోటుకు ఆమె లెక్కలో పన్నెండే అయ్యాయి. "ఇంకా మూడున్నాయి," అంది. "అయిపోయింది మామ్మా," అంది ఆలిస్. దాలమ్మ లేచి, టీకా వేసిన చేతిని కదపకుండా రెండో చేయి రత్నం ముందు చాపింది.

"ఏది, గేటు తియ్యి."

రత్నం పిల్లను ఆ చేతికి అందించింది. రెండు రోజులుగా బరువు మోసిన నడుము ఒక్కసారి తేలికైపోయి, ఏం చేయాలో తోచక, ఆమె ఊరికే కాసేపు చీర సర్దుకుంటూ నిలబడింది.

తరవాత అన్నీ సాఫీగా జరిగాయని కాదు. దేముడి చేయి వాచి రెండు రోజులు జ్వరం వచ్చింది. ఆ రెండు రోజులూ రత్నం నిద్ర పోలేదు. దాలమ్మ చేతి మీద టీకా పొంగి, చీము పట్టి, పక్కు కట్టింది. పక్కు ఎండే దాకా ఆమె రోజూ ఉదయం గుమ్మంలో స్టూలు వేసుకుని ఆలిస్ కోసం కూర్చునేది. ఆలిస్ రాకముందే లైనులో పదిమందికి చూపించేది. ఇరవై రెండో రోజున పక్కు రాలింది. కింద గులాబి రంగు చర్మం. దాలమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది. "వేలంత నేదు," అంది.

అంతకు మూడు రోజుల ముందే చంద్రావతి వంతు అయిపోయింది. జ్వరం దిగి రెండు వారాలు నిండాయని రత్నం క్యాలెండరు మీద రోజులు కొట్టేసుకుంటూ వచ్చింది. ఆలిస్ సూది పెట్టినప్పుడు పిల్ల కంటే ముందు రత్నమే ఏడ్చింది. పిల్ల తల్లిని చూసి ఏడ్చింది.

తలుపు మీద నాలుగు, అడ్డగీత, మూడు ఉన్నాయి. ఆలిస్ సంచిలో చెయ్యి పెట్టి చూస్తే సుద్ద అయిపోయింది. దేముడు చొక్కా జేబులోంచి షాపు సుద్ద తీశాడు. వేలెడు లావు, పసుపు రంగు. "తుడవనా?" అని ఆలిస్‌ను అడిగాడు. ఆవిడ తల ఊపాక బొటనవేలితో మూడును చెరిపి నాలుగు వేశాడు. క్రాసును కూడా చెరిపేశాడు. కాస్త వెనక్కి జరిగి, వేగన్ రిపేరయ్యాక రాసినట్టు, వంకర లేని పెద్ద అక్షరాలతో కింద తారీకు కూడా వేశాడు.

"నాలుగు బై నాలుగంటే ఎంత మావా?" అంది రత్నం.

"ఒకటి."

"అంతేనా?" రత్నానికి ఆశ్చర్యమేసింది. నలుగురూ కలిసి ఒకటి అవుతారని ఆరో తరగతిలో ఇంకొక్క నెల ఉంటే తెలిసేదేమో.

సోమవారం పొద్దున్న దేముడు అన్నం డబ్బా కట్టించుకుని సైకిలెక్కాడు. వర్క్‌షాపుకు రైలు గేటు వైపు తిరగాలి. అతను తిరగలేదు. ఖరిదా వైపూ తిరగలేదు. లైను చివర ఎర్రయ్య తన సైకిలుతో కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి రైల్వే ఆసుపత్రి రోడ్డు పట్టారు.

రత్నం గుమ్మంలో పిల్లను ఎత్తుకుని చూస్తూ నిలబడింది. పిల్ల గురించి భయం పోయిందని హాయిగా ఊపిరి తీద్దామనుకునేలోపే కొత్త భయం వచ్చి కూర్చుంది. నిజంగానే ఫిట్టరు పని తీసేస్తే? స్టూలు మీద కూర్చోబెడితే?

"ఏటే, అలగ నిలబడిపోనావు?" అంది దాలమ్మ.

"ఏటీ నేదత్తా."

"స్టూలు మీద కూర్చోబెడితే కూర్చుంటాడు. నాను కూర్చోనేదేటి మూడు వారాలు? గుంటని ఇలగియ్యి, నువ్వు పొయ్యి సూసుకో."

రత్నం చంద్రావతి నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. మరోసారి తాకి చూసి, అప్పుడు ఇచ్చింది.